సెట్టు బాగానే ఉందండి

మొన్న మా పేటలో ఒక కుర్రాడు సెల్‌ఫోన్లూ హోమ్ థియేటర్లూ బాగుచేసే షాపు తెరిచాడు. పెద్దవాణ్ణి కదా అని నన్ను పిలిచి కొబ్బరికాయ కొట్టమన్నాడు. కొట్టాను. కాయ రెండు చెక్కలుగా చక్కగా పగిలింది, అందరూ సంతోషించారు. "నాలుగు మంచి మాటలు చెప్పండి తాతగారూ" అన్నాడు. ఉక్కపోతగా ఉంది, చుట్టూ జనం. "నిజాయితీగా ఉండు నాయనా, వేళకి తిను" అనేసి, కూల్‌డ్రింకు తాగి వచ్చేశాను.

ఇంటికొచ్చాక సిగ్గేసింది. అమలాపురంలో గడియార స్తంభానికి కాస్త ఇవతల, ఒక సందులో, రేడియోలూ టేప్‌రికార్డర్లూ ఆంప్లిఫయర్లూ బాగుచేస్తూ బతికినవాణ్ణి నేను. అన్నేళ్ళు బల్ల ముందు కూర్చుని నేర్చుకున్నది వేళకి తినమని చెప్పడమేనా? అది కూడా నేనెప్పుడూ చెయ్యలేదు. పదకొండింటికి తెచ్చుకున్న క్యారేజీ నాలుగింటికి విప్పేవాణ్ణి.

అందుకని ఆ కుర్రాడి కోసం, అతనిలాంటి వాళ్ళ కోసం, కాస్త కుదురుగా కూర్చుని రాస్తున్నాను. షాపు ఎప్పుడు పెట్టాను, ఎన్నిసార్లు మార్చాను, బోర్డు ఎవరు రాశారు అనేవి ఇందులో ఉండవు. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. గుర్తున్నవి వేరే ఉన్నాయి.

మూర్తిగారి ముక్కు

నేను పని నేర్చుకున్నది కొత్తపేటలో, మూర్తిగారి దగ్గర. సెట్టు బల్ల మీదకి రాగానే ఆయన మూత విప్పి, తల వంచి, లోపల వాసన చూసేవారు. పప్పు అడుగంటిందో లేదో ఇల్లాలు చూసినట్టు చూసేవారు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఒక వాసన, కండెన్సర్ పేలితే ఒక వాసన, బొద్దింకలు కాపురం పెడితే ఇంకొక వాసన. మీటరు అందుకోబోతే నా చేతి మీద స్క్రూడ్రైవర్‌తో ఒకటి తగిలించేవారు.

"ముందు ముక్కురా సూర్యం, తర్వాత కన్ను. మీటరు ఆఖర్నరా. మీటరు పట్టుకున్నవాడు ఆలోచించడం మానేస్తాడు."

బల్బు సంగతి నేర్పింది కూడా ఆయనే. తెలియని సెట్టుకి నేరుగా కరెంటు ఇవ్వకూడదు. దారిలో ఒక బల్బు పెట్టి, దాని గుండా ఇవ్వాలి. లోపల ఎక్కడన్నా షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. ఈనాటికీ ఇంతకంటే మంచి డాక్టరు లేడు.

గురువుగా ఆయనకి దణ్ణం పెడతాను. కానీ మనుషుల విషయంలో ఆయన్ని చూసి నేర్చుకోవద్దని మాత్రం గట్టిగా చెప్తాను. సెట్టు తెచ్చినవాళ్ళు ఏదన్నా చెప్పబోతే చెయ్యెత్తి ఆపేసేవారు. "సెట్టు అబద్ధమాడదు, తెచ్చినవాడు ఆడతాడు" అనేవారు. వయసులో ఉన్నప్పుడు ఆ మాట నాకు వేదం. సొంత షాపు పెట్టాక చాలాకాలం నేను కూడా ఎవరు చెప్పేదీ వినేవాణ్ణి కాదు. సెట్టు తెచ్చిన మనిషి చాలాసార్లు సెట్టు గురించి కాక తన గురించి చెప్పుకుంటాడని తెలియడానికి నాకు పెద్దిరాజుగారని ఒకాయన కావలసి వచ్చారు.

ప్రేమ ఎక్కువై పోయిన సెట్లు

తొంభైల్లో మా కోనసీమలో గల్ఫ్ సెట్టు లేని వీధి ఉండేది కాదు. కువైట్ నుంచి, మస్కట్ నుంచి, దుబాయ్ నుంచి వచ్చినవాళ్ళు ముందు అందరికీ సబ్బులూ సెంట్లూ పంచేవారు. తర్వాత అట్టపెట్టె విప్పి సెట్టు బయటికి తీసేవారు. అది వసారాలో అందరికీ కనపడేచోట కొలువుతీరేది. ఇక అక్కణ్ణించి దాని కష్టాలు మొదలు.

సముద్రం దగ్గర ఊళ్ళలో ఉప్పుగాలికి లోపల రాగి అంతా చిలుం పట్టి పచ్చబడిపోయేది. బల్లులు వెచ్చగా ఉందని గుడ్లు పెట్టేవి. ఇవన్నీ ఒక ఎత్తు, మా ఆడవాళ్ళ లేసు అల్లికలు ఒక ఎత్తు. మా వైపు లేసు అల్లని ఇల్లు తక్కువ. కొత్త సెట్టు రాగానే దాని కొలతకి ఒత్తుగా ఒక లేసుగుడ్డ అల్లి, పెళ్ళికూతురికి మేలిముసుగు వేసినట్టు కప్పేసేవారు. సెట్టు పైన ఉండే చీలికలు వేడి బయటికి పోవడానికని వాళ్ళకెవరు చెప్పారు? దుమ్ము పడుతుందని వాటిని ఇంకొంచెం శ్రద్ధగా కప్పేవారు. లోపల అది ఉడికి ఉడికి ఒకరోజు పొగ వదిలేది.

"ఎంతో అపురూపంగా చూసుకున్నామండి, మరెందుకు పోయిందంటారు?" అని అడిగేవారు కళ్ళనీళ్ళు పెట్టుకుని. అపురూపంగా చూసుకోబట్టే పోయిందని చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. ఆ నోరు రాకపోవడమే మా గోదావరివాళ్ళ జబ్బు. ఇప్పుడు చెప్పబోయేది ఆ జబ్బు సంగతే.

మర్యాదగా పాడుచేసిన సెట్టు

పెద్ద తుఫాను వచ్చి కొబ్బరితోటలు పడుకుండిపోయిన మరుసటి ఏడాది సంగతి. ఒక ఉదయం పెద్దిరాజుగారూ వాళ్ళబ్బాయి శ్రీనుబాబూ ఆటోలో దిగారు. రాజుగారిది అల్లవరం దగ్గర పల్లె. వరి ఉంది, కొబ్బరి ఉంది, సొంత రైస్ మిల్లు ఉంది. చిన్నతనం నుంచీ ఆ మిల్లు హోరు పక్కనే నిలబడి ధాన్యం ఆడించిన మనిషి. తెల్లటి పంచె, ఇస్త్రీ చొక్కా, మీసం. శ్రీనుబాబు ఒళ్ళో తుండుగుడ్డలో చుట్టిన రిసీవరు, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. రాజుగారి బావమరిది మస్కట్ నుంచి తెచ్చిచ్చింది. రేడియో, ఆంప్లిఫయరు రెండూ ఒకదాంట్లోనే. వెండిరంగు ముఖం, పెద్ద గుండ్రటి మీట, తిప్పితే పచ్చటి వెలుగులో కదిలే సూది. చూడముచ్చటైన సెట్టు.

"సౌండు రావట్లేదండి. ఎంతమందికి చూపించినా ఇంతేనండి" అన్నారు రాజుగారు.

మూత విప్పాను. మూర్తిగారు చెప్పినట్టు వాసన చూశాను. కాలిన వాసన. తర్వాత కళ్ళతో చూశాను. లోపల నలుగురైదుగురి సోల్డరింగు ఉంది. ఒకరిది నాజూకు, ఒకరిది బెల్లం పాకంలా ముద్దముద్దలు. వాల్యూమ్ కంట్రోల్ ఎవరో లోకల్‌ది వేశారు. ట్రాన్స్‌ఫార్మర్ తీగలు ఎవరో మార్చి కట్టారు. ఆంప్లిఫయరు బోర్డు మసిబొగ్గు. రేడియో భాగం ఒక్కటే ప్రాణంతో ఉంది.

రాజుగారు సోడా తాగడానికి ఎదురుకొట్టుకి వెళ్ళాక శ్రీనుబాబు గొంతు తగ్గించి అసలు కథ చెప్పాడు. తగ్గించక్కర్లేదని ఇద్దరికీ తెలుసు, అయినా తగ్గించాడు.

"మొదట్లో సెట్టు బాగానే ఉండేదండి సూర్యంగారూ. నాన్నగారికే మాట అందేది కాదండి. 'సౌండు రావట్లేదురా' అన్నారండి. ఆయనకి ఎవరం చెప్తామండి? 'ఆయ్, రావట్లేదండి' అన్నానండి. రాజోలు పట్టుకెళ్ళేమండి. అక్కడి మెకానిక్ గారికి సెట్టు బాగుందని తెల్సిపోయిందండి. కానీ అంత దూరం నించి రాజుగారంతటి వారొచ్చేరు, ఏమీ లేదంటే బాగోదని ఏదో కండెన్సర్ మార్చేరండి. 'ఇప్పుడెలాగుందండి?' అనడిగేరండి. పాపం అంత కష్టపడ్డారు కదా అని నాన్నగారు 'ఆయ్, బాగుందండి' అనేసేరండి. ఇంటికొచ్చేక మళ్ళీ మామూలేనండి. ఆ తర్వాత రావులపాలెం..."

అలా ఒక్కొక్కరూ మర్యాదకి ఒక్కొక్క ముక్క మార్చుకుంటూ పోయారు. సౌండు పెంచుదామని ఒకాయన ట్రాన్స్‌ఫార్మర్ తీగలు కూడా మార్చాడు. దాంతో బాగున్న సెట్టు కాస్తా నిజంగానే చచ్చిపోయింది. ఇలాంటి హత్య మా గోదావరి జిల్లాలో తప్ప ఇంకెక్కడా జరగదని పందెం కాస్తాను.

మర్యాద చెడ్డదని నేననను. మూర్తిగారి బల్బులాంటిది అది. కొత్త మనుషుల మధ్య దాన్ని పెట్టుకుంటే ఎవరూ కాలిపోరు. కానీ పరీక్ష అయిపోయాక బల్బు తీసెయ్యాలి. తియ్యకుండా వదిలేస్తే సెట్టుకి ఎప్పటికీ పూర్తి కరెంటు అందదు. ఆ ఇంట్లో బల్బు తీసేవాళ్ళు లేకపోయారు.

"ఇంట్లో ఎలా ఉంటారు?" అని అడిగాను.

"వసారాలో సెట్టు ముందు కూర్చుంటారండి. ఇదివరకు వీధిలో వెళ్ళేవాళ్ళందర్నీ పిలిచి మాట్లాడేవారండి, ఇప్పుడు లేదండి. ఎదుటివాళ్ళు ఏమంటున్నారో తెలియక తప్పు జవాబు చెప్తానేమోనని భయమండి ఆయనకి. అమ్మ వంటింట్లోంచి భోజనానికి పిలిచి పిలిచి, చివరికి వచ్చి భుజం మీద చెయ్యేసి లేపుకెళ్తుందండి. కాకినాడ డాక్టరు గారు చెవిమిషను ఇచ్చేరండి. బీరువాలో పెట్టి తాళం వేసేసేరండి. మిల్లు నేనే చూసుకుంటున్నాననుకోండి. కానీ ఇంట్లో ఉండి కూడా ఇంట్లో లేనట్టే అయిపోయేరండి నాన్నగారు."

ఆ చివరి మాట దగ్గర అతని గొంతు నిజంగానే తగ్గిపోయింది.

ఎవరి చెవికి?

రాజుగారు సోడా తాగి వచ్చారు. ఆయన ముఖానికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చెవి మందగించినవాళ్ళు పెదాలు చూసి వింటారు. పక్కనుంచి ఎంత అరిచినా లాభం లేదు. నిదానంగా, మామూలు గొంతుతో అన్నాను.

"రాజుగారూ, సెట్టు మొదట్లో బాగానే ఉందండి. ఇప్పుడు మాత్రం నిజంగా పోయింది. లోపల అన్నీ కొత్తగా కట్టి మళ్ళీ పాడేలా చేస్తాను. దర్జీ చొక్కా కుట్టాలంటే మనిషి కొలతలు తీస్తాడు కదండీ, నాకూ కొలతలు కావాలి. ఎవరి చెవికి చెయ్యమంటారు?"

శ్రీనుబాబు నేలచూపులు చూశాడు. వీధిలో బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆయన మీసం ఒకసారి సవరించుకున్నారు. కోపం వస్తుందనుకున్నాను. వస్తే పడదామనే అనుకున్నాను, ఆ మాట ఎవరో ఒకరు అనాలి కదా.

"నా చెవికే చెయ్యండి" అన్నారు.

వృత్తిలో నేను విన్న ధైర్యమైన మాటల్లో అదొకటి.

కొలతలు అక్కడే మొదలుపెట్టాను. నా దగ్గర శబ్దాలు పుట్టించే చిన్న పెట్టె ఒకటి ఉండేది. మీట తిప్పుతుంటే లావు శబ్దం నుంచి సన్న శబ్దం దాకా వస్తుంది. ఆయనకి హెడ్‌ఫోన్ పెట్టి, వినపడితే చెయ్యెత్తమన్నాను. లావు శబ్దాలకి చక్కగా ఎత్తారు. సన్నవాటికి వెళ్ళేకొద్దీ కూడా ఎత్తుతూనే ఉన్నారు. నాకు అనుమానం వచ్చి పెట్టె కట్టేశాను.

"ఇప్పుడెలా వస్తుందండి?"

"ఆయ్, బాగా వస్తుందండి."

ప్లగ్గు పీకి, దాని తీగ ఆయన కళ్ళ ముందు ఆడించాను. ఒక్క క్షణం అలా చూసి, ఒక్కసారిగా పడీపడీ నవ్వారు. శ్రీనుబాబు కూడా నవ్వాడు. నాన్న అలా నవ్వి ఎన్నాళ్ళయిందో అన్నట్టు ఆయన కేసే చూస్తూ నవ్వాడు.

"మీరు శ్రమపడుతున్నారు కదా అనండి..." అన్నారు రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ.

"నా శ్రమ నాకొదిలెయ్యండి. మీరు మర్యాద చేస్తే నేను మీ చెవికి చెయ్యలేను, నా చెవికి చేసేస్తాను."

ఆ తర్వాత నిజం చెప్పారు. మిల్లు హోరు ఆయన చెవిలో సన్నటి శబ్దాలన్నిటినీ తినేసింది. గాజుల చప్పుడు, ఆడవాళ్ళ గొంతు, మాటల్లో స, త, చ లాంటి అక్షరాల అంచులు, అన్నీ పోయాయి. మోత వినపడుతుంది, మాట వినపడదు. అలాంటివాళ్ళకి సెట్టు సౌండు పెంచితే మోతే పెరుగుతుంది. ఇది చాలామందికి తెలియక చెవిలో అరుస్తారు.

వెళ్ళేటప్పుడు అడిగాను, "రేడియో ఒక్కటే వినపడితే చాలా అండీ? ఇంట్లో మాటలు కూడా ఇందులోకి వచ్చేలా చెయ్యనా?"

ఆయన వెళ్ళి ఆటో ఎక్కారు. ఆటో కదలబోతుంటే బయటికి తల పెట్టి, "వంటింట్లోంచి కూడా వస్తాయా అండీ?" అన్నారు.

గోళ్ళరంగూ రాగిపలకా

కాలిన సెట్టుకి అదే కంపెనీ బోర్డు దొరకదు. దొరికినా ఈ పనికి పనికిరాదు. అందుకని బోర్డు నేనే తయారుచేశాను. రాగి పరిచిన పలక ఒకటి తెచ్చి, మా ఆవిడ గోళ్ళరంగుతో దాని మీద దారులు గీశాను. తర్వాత రాగిని తినేసే మందునీళ్ళలో పడేస్తే, రంగు ఉన్నచోట రాగి మిగులుతుంది, మిగతాది కరిగిపోతుంది. ఆ గోళ్ళరంగు సీసా ఎలా ఖాళీ అయిందని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది.

మొదట పవర్ సప్లయి కొత్తగా కట్టాను. తర్వాత చిన్న ఆంప్లిఫయరు. వాటి మధ్యలో అసలు బోర్డు. లావు శబ్దాల్ని తగ్గించి, రాజుగారి చెవికి అందని సన్న శబ్దాల్ని మాత్రం పైకెత్తేది. ఆయన కొలతలు ఎదురుగా పెట్టుకుని, ఒక్కొక్క రెసిస్టెన్సూ మార్చి మార్చి చూశాను. పూర్తయ్యాక నా చెవికి పెట్టుకుంటే భరించలేకపోయాను, అంతా రేకుల మీద గులకరాళ్ళు పోసినట్టుంది. అప్పుడు నాకు సంతోషం వేసింది, ఇది నా చెవికి కాదు కదా!

తర్వాత మైకు. వంటింటి గుమ్మం మీద చిన్న మైకు పెట్టి, అక్కణ్ణించి వసారాలో సెట్టుదాకా తీగ లాగాలి. స్పీకర్లలో వినిపిద్దామంటే ఆ శబ్దం మళ్ళీ మైకులో పడి సెట్టు కూత పెడుతుంది. హెడ్‌ఫోన్ తప్పదు. చెవిమిషను బీరువాలో పెట్టిన మనిషి హెడ్‌ఫోన్ పెట్టుకుంటారా అని బెంగపడ్డాను. ఆయన మాత్రం, "కుర్రాళ్ళందరూ పెట్టుకు తిరుగుతున్నారు కదండీ, మనకేం తక్కువ?" అన్నారు. చెవిమిషను ముసలితనం, హెడ్‌ఫోను షోకు. రెండూ చేసేది ఒకే పని. కుర్రాళ్ళూ, ఇది గుర్తుపెట్టుకోండి, వస్తువు పనిచెయ్యడం సగమే. దాన్ని మనిషి పక్కన పెట్టుకోగలగడం మిగతా సగం.

దొండకాయల చప్పుడు

బిగించడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు రాజుగారి భార్య మంగాయమ్మగారిని మొదటిసారి చూశాను. సన్నటి మనిషి, సన్నటి గొంతు. పోయిపోయి రాజుగారి చెవి పోగొట్టుకున్న గొంతు సరిగ్గా ఆవిడదే. మైకు కేసి అనుమానంగా చూసి, "నాలో నేను ఏదో అనుకుంటూ ఉంటానండి వంట చేసేటప్పుడు. అవి కూడా వినపడతాయా అండీ?" అన్నారు.

"వినపడతాయండి."

"అయితే కష్టమేనండి" అన్నారు చాలా తీవ్రంగా.

మొదటి ప్రయత్నం పాడైంది. రాజుగారు హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు, సరిగ్గా అప్పుడే వంటింట్లో పళ్ళెం ఒకటి జారి పడింది. ఆయన చెవులు పట్టుకుని లేచి నిలబడిపోయారు. సన్న శబ్దాల్ని అంత ఎత్తినవాణ్ణి, హఠాత్తుగా పడే పళ్ళేన్ని మర్చిపోయాను. సెట్టు మళ్ళీ షాపుకి తెచ్చి, ఒక హద్దు దాటి ఏ శబ్దమూ పెరగకుండా డయోడ్లతో కట్ట వేశాను. షాపులో బల్ల మీద పనిచేసిన సెట్టు ఇంట్లో పనిచేస్తుందని నమ్మకూడదని ఆ పళ్ళెం నేర్పింది. షాపులో పళ్ళేలు పడవు.

రెండోసారి వెళ్ళినప్పుడు ఉదయం టిఫిన్లయిపోయిన వేళ. రాజుగారు హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి నుదురు ముడిపడింది.

"ఏదో టక్ టక్ అని వస్తుందండి. లోపమేమో చూడండి."

నేను తీసుకుని విన్నాను. లోపం కాదు. "అమ్మగారు కత్తిపీట మీద దొండకాయలు తరుగుతున్నారండి" అన్నాను.

"దొండకాయలు తరిగితే చప్పుడవుతుందా అండీ?" అన్నారు ఆయన. తర్వాత తనే, "ఆయ్, అవుతుంది కదా" అన్నారు.

మళ్ళీ పెట్టుకుని వినసాగారు. గాజులు కదిలితే ఆయన వేలు కూడా చిన్నగా కదిలింది. శ్రీనుబాబు లోపలికి వెళ్ళి అమ్మని ఏదన్నా మాట్లాడమన్నాడు. మైకు కింద నిలబడితే ఏ మనిషికి మాట వస్తుంది? ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, చివరికి ఎప్పుడూ అడిగేదే అడిగారు.

"ఏవండీ, కాఫీ తాగుతారా?"

వసారాలోంచి రాజుగారు, హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్ళందరిలాగే పెద్ద గొంతుతో, "తాగుతాను. పంచదార కాస్త తగ్గించు" అన్నారు.

రాజుగారు కాసేపు విని, నాకేసి తిరిగి, "ఏడుస్తుందేంటండీ?" అన్నారు ఆశ్చర్యంగా. నేను తీగ సరిచేస్తున్నట్టు గోడవైపు తిరిగిపోయాను. నా కళ్ళు కూడా బాగాలేవు.

సెట్టు మీద ఒత్తుగా అల్లిన గుడ్డ కప్పవద్దని అమ్మగారికి చెప్పి మరీ వచ్చాను. తర్వాత ఆవిడ పెద్దపెద్ద కళ్ళున్న లేసు వేరే అల్లారు, గాలి ఆడేలా.

ఆఖరి కంప్లయింటు

కొన్ని నెలలు గడిచాయి. రాజుగారు మళ్ళీ వీధిలో వాళ్ళని పిలుస్తున్నారనీ, హెడ్‌ఫోన్ మెళ్ళో వేసుకునే కబుర్లు చెప్తున్నారనీ శ్రీనుబాబు చెప్పాడు. ఒకరోజు మంగాయమ్మగారు బజారుకొచ్చి, నేరుగా నా షాపు మెట్లెక్కారు.

"సూర్యంగారూ, మీ సెట్టు మళ్ళీ పోయిందండి."

కూర్చోబెట్టి అడిగాను.

"భోజనానికి పిలుస్తున్నానండి, పలకట్లేదండి. కాఫీ అంటే వినపడుతుందండి. పక్కింటావిడతో చెప్పుకున్నవి కూడా వింటున్నారండి, నిన్న ఆవిడ కోడలి సంగతి నాకే మళ్ళీ చెప్పేరండి. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే మాత్రం ఉలుకూ పలుకూ లేదండి. ఇదివరకట్లాగే వచ్చి లేపుకెళ్ళాల్సొస్తుందండి."

మధ్యాహ్నం మాత్రమే వచ్చే లోపం! మెకానిక్ బుర్ర ఎలా పనిచేస్తుందో చూడండి. ఆ చుట్టుపక్కల రొయ్యల చెరువులు పడ్డాయి, పగటిపూట మోటార్లన్నీ ఒకేసారి వేస్తారు, వోల్టేజి పడిపోతుంది, నా బోర్డు నీరసపడుతుంది, అంతే అని తేల్చేసుకున్నాను. మర్నాడు మీటరూ ట్రాన్స్‌ఫార్మరూ మోపెడ్ మీద కట్టుకుని భోజనాల వేళకి వాళ్ళింటికి వెళ్ళాను.

వోల్టేజి చూశాను, బాగుంది. తీగ చూశాను, బాగుంది. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. పోపులో ఆవాలు చిటపటలాడటం, గరిటె మూకుడికి తగలడం, గాజులు, అన్నీ వస్తున్నాయి. అంతలో అమ్మగారి గొంతు, పక్కనే నిలబడి అన్నట్టు, "ఏవండీ, వడ్డించేనండీ, రండి."

హెడ్‌ఫోన్ తీసి రాజుగారికి పెట్టాను. లోపల ఆవిడ మళ్ళీ పిలిచారు. ఆయన కదల్లేదు. పచ్చటి వెలుగులో సూదికేసి చూస్తూ కూర్చున్నారు. కానీ మీసం కింద ఏదో కదిలింది. నేను చూశానని ఆయన చూశారు.

వంటింటి గుమ్మం కేసి ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి అన్నారు. ఆ మనిషి గొంతు అంత తగ్గించగలరని నాకు తెలియదు.

"వినపడుతుందండి."

"మరి పలకరేమండీ?"

"పలికేననుకోండి, ఇక్కడిదాకా రాదు కదండీ. ఇన్నేళ్ళూ వినపడక, వచ్చి భుజం మీద చెయ్యేసి లేపేదండి. చెవులొచ్చేక ఆ చెయ్యి రావడం మానేసిందండి."

లోపల మంచినీళ్ళ గ్లాసులు పెట్టిన చప్పుడైంది. మంగాయమ్మగారు చేతులు కొంగుకి తుడుచుకుంటూ వసారాలోకి వచ్చారు.

"ఏవన్నా తెలిసిందా అండీ? లోపం ఎక్కడుందంటారు?"

రాజుగారు నాకేసి చూశారు. రాజోలు నుంచి రావులపాలెం దాకా ఆయన ఎంతమంది మెకానిక్కుల దగ్గర మర్యాదకి బాగుందన్నారో, ఆ మర్యాదంతా ఇప్పుడు నా దగ్గర అడుగుతున్నట్టు చూశారు. బాగున్న సెట్టుని పాడైందని చెప్పకూడదు. ఈ వృత్తిలో నాకున్న ఒకే ఒక్క నియమం అది. కుర్రాళ్ళూ, మీరు కూడా దాన్ని తప్పకండి.

"ఆయ్, లోపం ఉందండి అమ్మగారూ" అన్నాను. "లోపల బాగా లోతుగా ఉందండి. ఇది బాగయ్యేది కాదండి. భోజనానికి మాత్రం దగ్గరకొచ్చి పిలవాల్సిందేనండి."

ఆవిడ నన్ను చూశారు, ఆయన్ని చూశారు, మళ్ళీ నన్ను చూశారు. రాజుగారి వెనక్కి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, "లెండి, పులుసు చల్లారిపోతుంది" అన్నారు.

ఆ రోజు నేను వేళకి తిన్నాను. నాకూ ఆకు వేశారు.